ఆరణాల దారి

శుక్రవారం

ఒక పూట సెలవు పెట్టి, మధ్యాహ్నం రెండింటికి అనకాపల్లిలో బండి తీశాను. రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం. నవంబరు ఎండ మెత్తగా ఉంది. తాళ్లపాలెం దగ్గర హైవే వదిలేసి మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం దారి పట్టేసరికి లారీల హోరు వెనకబడిపోయింది.

ఎందుకు బయల్దేరానో ముందే చెప్పేస్తాను. హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఏటా మన్యం పోరాటం గురించి చెబుతాను. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను కొట్టి మరీ పని చేయించాడని, ఆరణాలు ఇవ్వాల్సిన కూలికి రెండణాలే చేతిలో పెట్టాడని చెబుతాను. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో ఒక మార్కు. ఆ రోడ్డు మీద నేను మూడుసార్లు వెళ్లాను, కారులో, అద్దాలెత్తుకుని, లంబసింగి మంచు చూడ్డానికి. మంచు చూశాను. రోడ్డు చూడలేదు. పిల్లలకు చెప్పే మాటను నా కళ్లతో చూడకుండా ఇన్నేళ్లు చెప్పానన్న బాధ ఈ ఏడాది మరీ ఎక్కువైంది. అందుకే ఈసారి బండి మీద, ఒక్కదాన్నే.

బండి ఎక్స్‌పల్స్ 200. సీటు ఎత్తు, నా కాళ్లు నేలకు మునివేళ్ల మీదే ఆనతాయి. అయినా కొండ దారికి దీనంత నమ్మకమైన బండి నాకు తెలియదు. వెనక సంచీలో రెండు ట్యూబులు, టైరు లివర్లు, చేతి పంపు, క్లచ్చి వైరు, వానకోటు, ఓ చీర. చీర ఎందుకంటే చలికి కప్పుకోవచ్చు, ఎవరింటికైనా వెళ్లాల్సి వస్తే కట్టుకోవచ్చు, బండి లాగాల్సి వస్తే తాడు చేసుకోవచ్చు. మా అమ్మ ప్రయాణానికి పాత చీర లేకుండా కదిలేది కాదు.

నర్సీపట్నంలో లాడ్జిలో సంచీ పడేసి కృష్ణదేవిపేట వెళ్లాను. గొలుగొండ దాటాక కొండలు దగ్గరకు జరుగుతాయి. కృష్ణదేవిపేటను వాడుకలో కేడీపేట అంటారు. అక్కడ సీతారామరాజు సమాధి, పక్కనే ఆయన అనుచరుడు గాము గంటందొర సమాధి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును పట్టుకుని, చెట్టుకు కట్టి కాల్చి, శవాన్ని ఇక్కడికి తెచ్చారు. గంటందొర ఆ మరుసటి నెలలో పోరాడుతూ పోయాడు. చివరి పేజీ నుంచి పుస్తకం తెరిచినట్టే, కావాలనే ఇక్కడికి ముందొచ్చాను. చావు చూశాక పైకి వెళ్లి కారణం చూద్దామని.

చాలామంది మొదటి సమాధి దగ్గర ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. నేను రెండో దాని దగ్గర కూర్చున్నాను. గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు. బాస్టియన్ మీద ఫిర్యాదులున్న మన్యం పెద్దల్లో వీళ్లిద్దరూ ఉన్నారు. తమ్ముడు మల్లుదొర 1923లో దొరికిపోయాడు. ఉరిశిక్ష పడి, తర్వాత అది అండమాన్ జైలుగా మారింది. అదే మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో పిల్లలు తలెత్తి చూస్తారు. అండమాన్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన మన్యం మనిషి పేరు మన జిల్లాలోనే చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

చీకటి పడకముందే వెనక్కి వచ్చేశాను. రాత్రి రెండు చపాతీలు, నిద్ర.

శనివారం

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. లాడ్జి కుర్రాడు గేటు తీస్తూ, "ఒక్కరేనాండి?" అన్నాడు. అవునన్నాను. "పైన మంచు బాగా ఉంటాదండి, మెల్లగా ఎల్లండి," అన్నాడు. ఈ రెండు రోజుల్లో ఈ రెండు ముక్కలు కనీసం పదిమంది నోట విన్నాను, ఒక్కరి గొంతులోనూ వెటకారం లేదు.

డౌనూరు దాటే వరకు చీకటే. ఘాట్ మొదలయ్యేసరికి తూర్పు తెల్లబడింది. అక్కణ్నుంచి నేను రోడ్డు చూడ్డం మొదలుపెట్టాను.

బండి మీద వెళ్తే తప్ప తెలియని సంగతి ఒకటుంది. కొండ దారిలో ప్రతి మలుపూ ఒక లెక్క. కొండను ఒక పక్క తొలిచి, తీసిన మట్టినీ రాయినీ రెండో పక్క లోయలోకి పరిచి, అది జారకుండా కింద రాతి గోడ కట్టి, వాన నీరు రోడ్డెక్కకుండా కొండ వైపు కాలువ తీసి, ఆ నీటిని రోడ్డు కింద నుంచి తూములో అవతలికి దాటిస్తేనే ఆ దారి నాలుగు వానలకు నిలుస్తుంది. ఇప్పుడు ఈ పనికి యంత్రాలున్నాయి. నూరేళ్ల కింద గడ్డపార, సమ్మెట, తట్ట. రెండో గేరులో, ఇరవై వేగంలో, కుడి చేత్తో యాక్సిలేటరు ఒక్క రవ్వ తిప్పితే నా బండి ఎక్కేస్తున్న ఈ ఎత్తుకు ఒక్కో అడుగుకీ ఎన్ని తట్టల మట్టి మోశారో! అప్పటి దారి తర్వాత ఎన్నోసార్లు వెడల్పయింది, తారు పడింది. కొండ మాత్రం అదే. ఒకచోట బండి ఆపి, కొండను తొలిచిన పక్కన చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, తడిగా, నాచు పట్టి ఉంది.

అసలు కోపం ఒక్క రోడ్డుతో రాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది. పోడు కొట్టుకోవడం నేరమైంది, పుల్లలు ఏరుకోవడం నేరమైంది. తన అడవిలో తాను దొంగ అయిపోయిన మనిషిని పిలిచి, ఆ అడవిలోకే పోలీసులు సులువుగా రావడానికి రోడ్డు వెయ్యమన్నారు. పైగా కూలి ఎగ్గొట్టారు. మా పిల్లలకు చెప్పేటప్పుడు చట్టం సంగతి ఒకరోజు, కూలి సంగతి ఇంకోరోజు చెబుతున్నాను. ఘాట్‌లో నిలబడితే రెండూ ఒకటేనని కనిపించింది. ఇకమీదట కలిపే చెప్పాలి.

ఇంకో ఐదారు మలుపులెక్కేసరికి మంచు కమ్మేసింది. హెల్మెట్ అద్దం మీద లోపల ఆవిరి, బయట నీటి చుక్కలు. అద్దం పైకెత్తితే కళ్లలో సూదులు. ఇలాంటప్పుడు పెద్ద లైటు వేస్తే ఎదురుగా తెల్ల గోడ లేస్తుంది. చిన్న లైటే వెయ్యాలి. ఎడమ అంచున ఉన్న తెల్ల గీతను పట్టుకుని, ప్రతి మలుపుకూ హారన్ కొడుతూ, అవతలి హారన్ కోసం చెవులు రిక్కించి వెళ్లాలి. ఒక మలుపులో ఆర్టీసీ బస్సు హారన్ వినిపించి పూర్తిగా పక్కకు తీసి ఆగాను. బస్సు పసుపు కళ్లేసుకుని మెల్లగా దిగి వెళ్లింది. డ్రైవరు చెయ్యెత్తాడు. కొండ మీద ఆ చెయ్యెత్తడంలో ఉన్న ఆత్మీయత కింద ఊళ్లలో దొరకదు.

లంబసింగిని అక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. బయట పడుకుంటే చలికి మనిషి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరంట. సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. కార్తీక మాసం కావడంతో జనం నిండిపోయారు. బొంగు చికెన్ పొగ, మఫ్లర్లు, సెల్ఫీ కర్రలు. నేను ఒక టీ తాగి, చేతులు గ్లాసు చుట్టూ పెట్టి వేడి చేసుకుని ముందుకు కదిలాను.

చింతపల్లి చేరేసరికి ఎనిమిదిన్నర. ముందు పెట్రోలు. ఈ దారిలో ఇక్కడ ట్యాంకు నింపుకోకుండా లోపలికి వెళ్లకూడదని నా నియమం. ఆ తర్వాత ఇడ్లీ. 1922 ఆగస్టు 22న రాజు దళం దాడి చేసింది ఈ ఊరి పోలీసు స్టేషన్ మీదే. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు. ఎత్తుకెళ్లిన ఆయుధాల లెక్కను స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్లాడు రాజు. కూలి లెక్కలో మోసం చేసిన సర్కారుకు తుపాకుల లెక్క పైసలతో సహా అప్పజెప్పినట్టుంటుంది నాకు, ఆ సంతకం సంగతి చదివినప్పుడల్లా.

మూడు ఊళ్లూ మ్యాపులో చూస్తే దూరాలు తెలియవు. చింతపల్లి కొండ మీద, కృష్ణదేవిపేట కొండ కింద. రాత్రంతా నడిచి దిగి ఉండాలి, ఆగస్టు వానల్లో, జలగల్లో. నేను స్వెట్టరేసుకుని ఇంజను మీద ఎక్కిన ఎత్తు అది.

చింతపల్లి దాటాక రోడ్డు పక్కన వలిసె పూలు. కొండవాలంతా పసుపు. అక్కడక్కడ కోసిన వరి కుప్పలు, రాజ్‌మా పాదులు. గూడెం కొత్తవీధి మండలంలోకి వచ్చాక ప్రధాన రోడ్డు వదిలి దామనపల్లి వైపు తిరిగాను. ఈ ప్రయాణంలో నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఉన్నది ఇక్కడే.

1922 సెప్టెంబరు 24. రాజును వెతుక్కుంటూ పోలీసు బలగం దామనపల్లి కనుమలోంచి వస్తోంది. రెండు పక్కలా గుబురు చెట్ల వెనక దళం కూర్చుంది. ముందు నడుస్తున్న మన దేశపు పోలీసులను వెళ్లనిచ్చారు. తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ ఎదురుగా వచ్చాక కాల్చారు. ఇద్దరూ చనిపోయారు.

ఇంతే నేను తరగతిలో చెప్పేది. ఇక్కడ ఇంజను ఆపి నిలబడితే ఇంకోటి అర్థమైంది. ఇరుకు దారిలో అవతలి మలుపు కనిపించదు. వచ్చేది ఎవరో చూపుకన్నా ముందు చెవికి తెలుస్తుంది. నేను పది నిమిషాలు నిలబడ్డాను. ఎక్కడో మేకల గంటలు, ఒక పిట్ట, ఆకుల మీంచి మంచు నీరు రాలుతున్న చప్పుడు. ఎవరో నడిచి వస్తున్నారని నాకు తెలిసింది, మనిషి కనపడ్డానికి చాలా ముందే. ఎండుటాకుల మీద అడుగులు. అంత దగ్గర నుంచి, చేతిలో తుపాకి ఉండి, ముందు వరసలో ఉన్నవాళ్లను వదిలెయ్యడానికి ఎంత నిగ్రహం కావాలి! ఒక్కడు తొందరపడినా అంతా పాడయ్యేది. ఆ నిగ్రహం రాజు ఒక్కడిదే కాదు, ఆ గుబురులో కూర్చున్న ప్రతి మనిషిదీ. వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

నడిచి వచ్చింది ఒక పెద్దాయన, భుజాన అడ్డాకుల కట్ట. "ఎవురమ్మా, ఆఫీసరువా?" అన్నాడు. కాదు, టీచర్నన్నాను. "బండి పాడైనాదా?" లేదు తాతా, చూస్తున్నానన్నాను. ఏం చూస్తున్నానని అడగలేదు. కట్ట దించి నా పక్కన రాయి మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక తనే, "ఇక్కడే తెల్లోళ్లని కొట్టినారు," అన్నాడు, నిన్నో మొన్నో జరిగినట్టు. నేను తెచ్చుకున్న చెగోడీలు ఇద్దరం తిన్నాం.

గూడెం కొత్తవీధి దాటి ఆర్‌వీ నగర్ చేరేసరికి పన్నెండు. ఇక్కడి నుంచి కాఫీ తోటల నీడ. పైన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటి మొదళ్లకు మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు. ఎర్రగా పండిన కాయలను ఆడవాళ్లు ఒక్కొక్కటే ఏరి నడుముకు కట్టుకున్న సంచీల్లో వేస్తున్నారు. పచ్చికాయ, పండు ఒకే కొమ్మకు ఉంటాయి కాబట్టి దూసెయ్యడానికి లేదు, పండిందే కొయ్యాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే దాని వెనక ఈ వేళ్లున్నాయి.

ధారకొండ దాకా వెళ్లాలనుకున్నాను. ఆర్‌వీ నగర్ తర్వాత అడవి చిక్కబడింది, ఫోను సిగ్నల్ పోయింది. రోడ్డు అక్కడక్కడ తారు, అక్కడక్కడ రాళ్లు. పన్నెండు కిలోమీటర్లు వెళ్లానేమో, బండి వెనక భాగం చేపలా ఊగింది. దిగి చూస్తే వెనక టైరు నేలకు అంటుకుపోయి ఉంది. మేకు.

దీనికి స్పోక్ చక్రాలు, ట్యూబు టైర్లు. చక్రం విప్పాలి. సెంటర్ స్టాండు ఉండదు కాబట్టి చక్రం గాల్లోకి లేపడమే అసలు పని. బల్లపరుపు రాళ్లు ఏరి ఇంజను కింద పలక కిందికి తోస్తుంటే, ఒకే బండి మీద ముగ్గురు కుర్రాళ్లు వచ్చి ఆగారు. "మేడం, పంచరా?" ముగ్గురూ దిగారు. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుని, నాతో తెలుగులో మాట్లాడారు. ఇద్దరు బండి ఎత్తి పట్టుకున్నారు, మూడోవాడు రాళ్లు పేర్చాడు. యాక్సిల్ నట్టు నేనే విప్పాను. ఏడాది కింద మా ఊరి మెకానిక్ దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని నేర్చుకున్న పని ఇది, ఈ రోజు కోసమే. టైరు అంచు లివర్లతో తప్పించి, ట్యూబు లాగి, టైరు లోపల వేళ్లతో తడిమి మేకు మొన దొరికించుకుని తీశాను. అది తీయకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తే రెండు నిమిషాల్లో అదీ పోతుంది. కొత్త ట్యూబుకు కొంచెం గాలి కొట్టి, మడత పడకుండా సర్ది, టైరు ఎక్కించి, వంతులేసుకుని నలుగురం పంపు కొట్టాం. గంట పట్టింది.

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పెద్దవాడు డిగ్రీ చదువుతున్నాడట, నర్సీపట్నంలో. "ఏం సబ్జెక్టు చెప్తారు మేడం?" అన్నాడు. సోషల్ అన్నాను. "మా ఊరికి రోడ్డు మూడేళ్ల కిందే వచ్చింది మేడం. అంతకుముందు మా అమ్మని డోలీలో మోసుకొచ్చినాం," అన్నాడు, మా సబ్జెక్టులో ఇది కూడా ఉంటుంది కదా అన్నట్టు. ఉంటుందన్నాను.

మూడున్నర దాటింది. నవంబరులో ఐదున్నరకే చీకటి. ధారకొండ వదులుకుని వెనక్కి తిప్పాను. ఒంటరిగా వచ్చినప్పుడు వెలుతురు ఉండగా వెనక్కి తిరగడం కన్నా పెద్ద జాగ్రత్త లేదు. చింతపల్లి లాడ్జిలో వేడినీళ్లు బకెట్‌తో ఇచ్చారు. గోళ్లలో గ్రీజు పోలేదు.

ఆదివారం

ఎనిమిదింటికి బయల్దేరాను. లంబసింగిలో జనం నిన్నటికి రెట్టింపు. ఆగలేదు.

దిగేటప్పుడు బ్రేకుల మీద ఆధారపడకూడదు, రెండో గేరులో వేసి ఇంజనునే బండిని పట్టుకోనివ్వాలి. అలా దిగుతూ వస్తుంటే ఒక మలుపులో వానలకు కూలిన రక్షణ గోడను మళ్లీ కడుతున్నారు. ఐదారుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. ఒకామె తలమీది తట్ట పక్కనపెట్టి రోడ్డు మీదికి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, డౌనూరు దాకా ఎక్కించుకో. పిల్లకి జొరం, ఫోనొచ్చింది."

ఎక్కమన్నాను. సీటు ఎత్తు కదా, నా భుజం పట్టుకుని ఎగిరి ఒక పక్కకు కూర్చుంది. చేతికి సిమెంటు పొడి. ఆ చెయ్యి భుజం మీద ఉండగా నాకు ఆ ప్రశ్న అడగకుండా ఉండడం చేతకాలేదు.

"కూలెంత ఇస్తారమ్మా?"

"నాలుగొందలు."

"మొత్తం చేతికొస్తుందా?"

"వారం వారం ఇస్తారు." రెండు మలుపులు మాట్లాడలేదు. తర్వాత చెవి దగ్గరగా వంగి చెప్పింది. "ముందొక మేస్త్రి రెండు వారాలు ఇవ్వలేదు. రేపంటాడు, ఎల్లుండంటాడు. అందరం తట్టలు కిందెట్టేసి రోడ్డు మీద కూకున్నాం. పొద్దున్నించి సందకాడ దాకా ఎవురం లేవలేదు. ఇచ్చినాడు. ఇప్పుడు ఇంకో మేస్త్రి."

నేను హారన్ కొట్టి మలుపు తిప్పాను. ఏమీ అనలేకపోయాను.

డౌనూరులో దిగి చెంగుతో చేతులు తుడుచుకుంది. పిల్లకు ఇమ్మని సంచీలో ఉన్న బిస్కెట్లు, జ్వరం బిళ్లలు ఇచ్చి, ఏ బిళ్ల ఎప్పుడెయ్యాలో రెండుసార్లు చెప్పాను. వెళ్లబోతూ ఆగి, కొండ వైపు చెయ్యి చూపించింది.

"పైన మర్రిచెట్టు మలుపు కాడ కొత్త గోడ చూసినావా? పోయినేడు మేం కట్టిందే. ఈ వానలకి ఒక్క రాయి కదల్లేదు."

చూడలేదు. దాని పక్కనుంచే దిగి వచ్చాను, చూడలేదు.

బండి వెనక్కి తిప్పి మళ్లీ ఘాట్ ఎక్కాను.